పోస్టు పోతే రోస్టరూ పోతుంది

రేషనలైజేషన్. నోరు తిరగని ఈ మాట ఇప్పుడు నాట్లకి పోయే అక్కలకి కూడా అలవాటయింది. "మా వాడ బడి రేషనలైజేషన్ కింద పోయిందంట గదా సార్" అని అడుగుతున్నారు. పేపర్లవాళ్ళు దీన్నే హేతుబద్ధీకరణ అని రాస్తారు. ఏ బడిలో, ఏ ఆఫీసులో ఎంతమంది కావాలో లెక్కగట్టి, ఎక్కువున్న చోట తీసి తక్కువున్న చోట వెయ్యడమని దాని అర్థం. పైకి చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. నారు ఒత్తుగా వున్న చోట పీకి, పలచగా వున్న చోట నాటుకునే పనే గదా అనిపిస్తుంది.

కానీ ముప్పై యేళ్ళుగా మనం చూస్తున్నదేంది? పీకడం జరుగుతోంది. నాటడం మాత్రం జరగడంలేదు. పీకిన నారు ఎవరి మడిలోదో కూడా ఎవరూ అడగడంలేదు.

ఉపాధ్యాయ సంఘాలు, ఉద్యోగ సంఘాలు ఈ లెక్కల మీద ధర్నాలు చేశాయి. చెయ్యడం న్యాయమే. వాటిలో మనవాళ్ళు వేలమంది వున్నారు, ఎండలో కూర్చున్నారు, లాఠీలు చూశారు. అయితే ఆ పోరాటాల్లో ఒక మాట ఎప్పుడూ వెనక వరుసలోనే నిలబడుతోంది. ఆ మాట ఇది: పోస్టు పోతే దాంతోపాటు రోస్టరూ పోతుంది. రోస్టర్ పోతే రిజర్వేషను రాజ్యాంగంలో వుంటుంది గానీ మన బిడ్డ చేతికి రాదు. ఈ మాటని ముందు వరుసకి తేవాలని చెప్పడానికే ఈ సంపాదకీయం.

ముందు బడి సంగతి చూద్దాం. 2022 జూన్ 10న రాష్ట్ర ప్రభుత్వం జీవో 117 ఇచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానాన్ని చూపించి బడుల్ని ఆరు రకాలుగా విడగొట్టారు. శాటిలైట్ ఫౌండేషన్ బడి, ఫౌండేషన్ బడి, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూలు, హైస్కూలు, హైస్కూల్ ప్లస్. పేర్లు గొప్పగానే వున్నాయి. జరిగిందేందంటే, చాలాచోట్ల ప్రాథమిక బడిలో వున్న 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూలుకి తోలారు. ఒకటి, రెండు తరగతులు మాత్రం పాత బడిలో మిగిలాయి. ముప్పైమంది పిల్లలకి ఒక టీచరన్న లెక్క మీద మిగతా టీచర్లని సర్‌ప్లస్ అన్నారు. సర్‌ప్లస్ అంటే మిగులు. బియ్యం మిగిలాయంటే అర్థముంది. టీచరు మిగలడమేంది?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని షెడ్యూలు చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో అరవైమంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లుండాలి. తొంభై దాకా ముగ్గురు, నూట ఇరవై దాకా నలుగురు. పదిమంది పిల్లలున్నా ఇద్దరుండాల్సిందే. ఎందుకని? ఐదు తరగతులకి ఐదు పుస్తకాల కట్టలుంటాయి గనుక. పద్దెనిమిదిమంది పిల్లలు ఐదు తరగతుల్లో వుంటే, అది ఒక క్లాసు కాదు, ఐదు క్లాసులు. ఒకే టీచరు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ ఐదో తరగతికి భిన్నాలు చెప్పాలి. మధ్యలో కోడిగుడ్ల లెక్క రాయాలి, తన మొహాన్ని ఫోన్‌కి చూపించి హాజరు వేసుకోవాలి. ఆ టీచరుకి జొరమొస్తే బడికి తాళమే. నిష్పత్తి లెక్క కాగితం మీద సరిగ్గానే వుంటుంది. బడి మాత్రం నడవదు.

"పిల్లలు తక్కువున్నారు గదా, మేమేం చేస్తాం" అంటారు ఆఫీసర్లు. తక్కువ ఎందుకున్నారు? ఈ ప్రశ్నకి జవాబు జీవోల్లో దొరకదు, ఊరి పటంలో దొరుకుతుంది. ఊరు ఒకపక్క, వాడ ఒకపక్క. ఊరి బడి ఒకటి, వాడ బడి ఒకటి. యానాదుల కాలనీ ఇంకా అవతల, కాలవ గట్టు మీద. మనల్ని దూరం పెట్టినందువల్లే మన బడి చిన్నదయింది. ఊళ్ళో పెద్దకులాల పిల్లలు పసుప్పచ్చ వ్యాన్లెక్కి కాన్వెంటుకి పోయాక సర్కారు బడిలో మిగిలింది మన పిల్లలే. అంటరానితనం వల్ల చిన్నదయిన బడిని, చిన్నదయిందన్న సాకుతో మూసెయ్యడాన్ని ఏమనాలి? వెలి వేసినవాళ్ళే వచ్చి "మీరు ఒంటరిగా వున్నారు గనుక మీకు దీపం అక్కర్లేదు" అన్నట్టుంది.

కిలోమీటరే గదా అంటారు. కిలోమీటరు అందరికీ ఒకటే కొలత కాదు. కారులో కూర్చున్నవాళ్ళకి అది రెండు నిమిషాలు. ఎనిమిదేళ్ళ ఆడపిల్లకి అది పదహారో నంబరు హైవే దాటడం. వానాకాలంలో కాలవ గట్టు మీద జారకుండా నడవడం. ఊరి మధ్యలోంచి పోతూ పేరుకి ముందు కులం పెట్టి పిలిపించుకోవడం. కూలికి పోయే తల్లి పొద్దున ఆరింటికే ఇల్లు విడుస్తుంది. పక్కనే బడి వుంటే పెద్దది చిన్నదాన్ని చెయ్యి పట్టుకోని తీసకపోతుంది. మూడో తరగతి ఒక చోట, ఒకటో తరగతి ఇంకో చోట అయితే ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలి? అట్టాంటి ఇంట్లో ముందు మానేసేది ఆడపిల్లే.

ఈ జీవో మీద సంఘాలు గట్టిగానే కొట్లాడాయి. యూటీఎఫ్, ఏపీటీఎఫ్, ఎస్టీయూ లాంటి సంఘాలు విడివిడిగానూ, ఫ్యాప్టో వేదిక మీద కలిసీ ధర్నాలు చేశాయి. తల్లిదండ్రులు చాలా ఊళ్ళల్లో బడి గేటుకి అడ్డంగా కూర్చున్నారు. కొద్ది వారాల్లోనే సవరణల జీవో ఇవ్వాల్సొచ్చింది. 2024 ఎన్నికల్లో 117ని రద్దు చేస్తామన్నది ఓట్ల వాగ్దానమయింది. కొత్త ప్రభుత్వం 2025 మే నెలలో కొత్త జీవోలిచ్చి దాన్ని రద్దు చేసింది. 3, 4, 5 తరగతులు మళ్ళీ ప్రాథమిక బడులకి రావాలన్నారు. మంచిదే. సంఘాలు గెలిచాయని ఒప్పుకోవాలి.

కానీ చూడండి, ఆరు రకాల బడులు పోయి తొమ్మిది రకాల బడులొచ్చాయి. బేసిక్ ప్రాథమిక పాఠశాల ఒకటి, మోడల్ ప్రాథమిక పాఠశాల ఒకటి. ఐదు తరగతులకి ఐదుగురు టీచర్లుండేది మోడల్ బడిలో. ఆ మోడల్ బడి ఏ వీధిలో పడుతుందో, బేసిక్ బడి ఏ వాడలో మిగులుతుందో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. అదే మే నెలలో టీచర్లు మళ్ళీ రోడ్డెక్కాల్సొచ్చింది, మళ్ళీ చర్చలు, మళ్ళీ సవరణలు. జీవో నంబరు మారింది. తలకాయలు లెక్కబెట్టి టీచరు పోస్టు తెగ్గొట్టే కొలత మారలేదు. ఆ ప్రభుత్వం, ఈ ప్రభుత్వం అన్న తేడా మనకి ఇక్కడ కనపడదు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. రోస్టర్ అంటే ఏంది? సర్కారు కొలువుల్లో వచ్చిన ఖాళీల్ని వరసగా ఎవరికి ఇవ్వాలో రాసిపెట్టుకున్న పట్టిక. మన రాష్ట్రంలో వంద ఖాళీలు నింపితే అందులో 15 ఎస్సీలకి, 6 ఎస్టీలకి రావాలి. ఎన్నో నంబరు ఎవరిదో ముందే రాసివుంటుంది. ఇది ఒక చక్రం. ఖాళీ నింపినప్పుడే తిరుగుతుంది. నింపకపోతే ఆగిపోతుంది.

ఒక వాడ బడిలో ముప్పై యేళ్ళు పనిచేసిన టీచరు రిటైరయ్యాడనుకోండి. మామూలుగా అయితే అది ఒక ఖాళీ. ఖాళీలన్నీ పోగయితే డీఎస్సీ. డీఎస్సీ వస్తే రోస్టర్. రోస్టర్ వస్తే మన కూలోడి బిడ్డ టీచరవుతుంది. రేషనలైజేషన్ వచ్చాక ఏమయింది? పక్క బడిలో సర్‌ప్లస్ అయిన టీచరుని ఆ ఖాళీలోకి తెచ్చేశారు. ఖాళీ లేదు. డీఎస్సీ లేదు. చక్రం ఆగింది. ఎవరి ఉద్యోగమూ పోలేదని ప్రభుత్వం చెబుతుంది. అది నిజమే. జీతం తీసుకునే ఏ టీచరూ ఇంటికి పోలేదు. పోయింది ఇంకా ఉద్యోగం రాని మన బిడ్డది. ఆ బిడ్డకి యూనియను లేదు, సభ్యత్వ రశీదు లేదు. అందుకే ఆ నష్టం ఏ డిమాండు కాగితంలోనూ మొదటి నంబరుగా ఎక్కలేదు.

ఇది గాలి మాట కాదు. 2018 అక్టోబరులో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి ఒక ప్రకటన ఇచ్చారు, అది రద్దయింది. మళ్ళీ 2025 ఏప్రిల్లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చి, ఆ సెప్టెంబరులో నియామక పత్రాలిచ్చారు. మధ్యలో పోయింది దాదాపు ఏడేళ్ళు. ఏడేళ్ళంటే డీఎడ్, బీఎడ్ చేసి కోచింగ్‌కి అప్పు తెచ్చుకున్న ఒక తరం. అందులో కొందరు రొయ్యల గుంటల దగ్గర కాపలాకి పోయారు, కొందరు ప్రైవేటు బడుల్లో నాలుగైదు వేలకి పాఠాలు చెప్పారు, కొందరికి వయసే దాటిపోయింది. ఇంకో చిత్రం చూడండి. 1998 డీఎస్సీలో అర్హత పొంది ఉద్యోగం రానివాళ్ళకి న్యాయం చేస్తామని ప్రభుత్వం ఒప్పుకున్నది కూడా 2022లోనే. అప్పటికి వాళ్ళు యాభైల్లో పడ్డారు. ఇచ్చింది కూడా మినిమం టైం స్కేలు మీద కాంట్రాక్టు కొలువు. ఇరవై నాలుగేళ్ళు కాచుకుంటే వచ్చిన ఫలం అది.

2025 ఏప్రిల్లో ఎస్సీల వర్గీకరణ ఆర్డినెన్సు వచ్చింది. 15 శాతంలో ఒకటో గ్రూపుకి 1, రెండో గ్రూపుకి 6.5, మూడో గ్రూపుకి 7.5 అన్నారు. ఈ వాటాల మీద మనలో మనకి వాదాలున్నాయి. అవి ఇంకో సంచికలో మాట్లాడుకుందాం. కానీ మాలపల్లెలో వున్న తమ్ముడూ, మాదిగపల్లెలో వున్న తమ్ముడూ, రెల్లి తమ్ముడూ ఒక సంగతి గమనించాలి. సంగటి ముద్దని ఎన్ని భాగాలు చెయ్యాలని మనం తగవు పడుతుంటే, అవతల కుండనే ఎత్తకపోతున్నారు. వాటా ఎంతయినా అది ఖాళీల్లోంచే రావాలి. సున్నాలో ఆరున్నరా సున్నానే, ఏడున్నరా సున్నానే.

ఈ కుండని ఎత్తకపోవడం నిన్న మొన్న మొదలయింది కాదు. 1994లో మన రాష్ట్రంలో రెండో నంబరు చట్టం చేశారు. దాని పేరులోనే స్టాఫ్ ప్యాటర్న్ రేషనలైజేషన్ అన్న మాట వుంది. రోజుకూలీ మీద, ఎన్ఎంఆర్ మీద ఎవర్నీ పెట్టుకోకూడదని అందులో రాశారు. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ళు నిండినవాళ్ళని పర్మినెంటు చెయ్యడానికి 212 నంబరు జీవో ఇచ్చారు. దొడ్డిదారి కొలువులు ఆగితే మంచిదేనని అప్పట్లో చాలామంది అనుకున్నారు. దొడ్డిదారి మూసి రాజమార్గం తెరిచారా? లేదు. 1998లో ప్రపంచబ్యాంకు అప్పు వచ్చింది, ఖర్చు తగ్గించమంది. రాజమార్గంలో నియామకాలు తగ్గిపోయాయి. దొడ్డిదారికి కొత్త పేర్లొచ్చాయి. విద్యా వాలంటీరు, అప్రెంటిస్ టీచరు, కాంట్రాక్టు లెక్చరరు, ఔట్‌సోర్సింగ్ అటెండరు. అంతకుముందు నెలకి 398 రూపాయల స్పెషల్ టీచర్లని చూసిన రాష్ట్రమే ఇది. పని అదే, పాఠం అదే, జీతం మాత్రం భిక్ష.

కాంట్రాక్టు కొలువుకి రోస్టర్ ఎంతవరకు పాటించారు? చాలాచోట్ల ఊరి పెద్ద ఎవరి పేరు చెబితే వాళ్ళే వాలంటీరు. ఏజెన్సీ నడిపేవాడు ఎవరిని తెస్తే వాళ్ళే అటెండరు. 2020 జూలైలో ఔట్‌సోర్సింగ్ వాళ్ళకి ఆప్కాస్ అని కార్పొరేషన్ పెట్టి, అందులో సామాజిక న్యాయం పాటిస్తామన్నారు. పాటించినా అది ఏ కొలువు? ప్రమోషను లేదు, పింఛను లేదు, రేపు వుంటామో లేదో తెలియదు. రాజ్యాంగం 16(4ఎ)లో ప్రమోషన్లలో రిజర్వేషను రాసుకున్నాం. పర్మినెంటే కానివాడికి ప్రమోషనెక్కడిది? ఒక్క చోట మాత్రం మనం రిజర్వేషను అడగనక్కర్లేదు. చీపురు దగ్గర, మురుక్కాలవ దగ్గర, చెత్తబండి దగ్గర ఎవరూ అడక్కుండానే మనవాళ్ళని నింపుతారు. 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగింది ఈ బతుకు మీదే. అదే నెల 12న అంగన్‌వాడీ అక్కలు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. పర్మినెంటు ఉద్యోగులని ఒప్పుకోరుగానీ, సమ్మె చేస్తే మాత్రం అత్యవసర సేవలంటారు!

గ్రామ సచివాలయాలదీ ఇదే తంతు. 2019 అక్టోబరులో వాటిని తెరిచినప్పుడు లక్షకి పైగా రెగ్యులర్ ఉద్యోగాలొచ్చాయి. మన వాడల పిల్లలు మొదటిసారి ఊరి మధ్యలో కుర్చీలో కూర్చున్నారు. 2025 జనవరిలో జనాభాని బట్టి సచివాలయాల్ని ఎ, బి, సి అని మూడు రకాలు చేసి, ఒక్కోదానికి ఆరుగురు, ఏడుగురు, ఎనిమిదిమంది అని కుదించారు. ఇక్కడా అదే మాట, రేషనలైజేషన్.

ఇది మన జిల్లా గొడవే కాదు, లోకం గొడవ. ఐక్యరాజ్యసమితి అని ఒకటుంది. దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ. దానికీ గుమాస్తాలు, ఆఫీసర్లు వుంటారు. సభ్యదేశాలు, అందులోనూ అమెరికా లాంటి పెద్ద దేశాలు చందాలు సరిగ్గా కట్టక డబ్బు కొరత వచ్చింది. 2025 మార్చిలో యూఎన్ 80 అనే పేరుతో సంస్కరణ మొదలుపెట్టారు. 2026 బడ్జెట్లో సచివాలయం పోస్టులు 2,600కి పైగా తగ్గించాలని ప్రతిపాదించారు. ఆ మే డే రోజున జెనీవాలో ఉద్యోగులు వందలమంది వీధిలో నిలబడ్డారు. జూలైలో అక్కడి ఉద్యోగుల సంఘం ఆ సంస్కరణ మీద, దాన్ని నడిపే పెద్దల మీద అవిశ్వాస తీర్మానం చేసింది. కార్మికుల హక్కుల గురించి దేశాలకి పాఠాలు చెప్పే సంస్థలోనే, మమ్మల్ని అడక్కుండా మా పోస్టులు తీసేస్తున్నారని సంఘం మొత్తుకుంది. వాళ్ళు ఏ దేశపు కోర్టుకీ పోలేరు, సంస్థ లోపలి ట్రిబ్యునలే దిక్కు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 101వ అధికరణం ఉద్యోగుల్ని తీసుకోవడంలో సామర్థ్యం, యోగ్యత, నిజాయితీ ముఖ్యమంటుంది. వెంటనే, వీలైనంత ఎక్కువ ప్రాంతాల నుంచి మనుషుల్ని తీసుకోవాలని కూడా చెబుతుంది. పెద్ద దేశాలవాళ్ళే కుర్చీలన్నీ నింపకుండా పెట్టిన కట్టడి అది. మన రాజ్యాంగం 335వ అధికరణం చదవండి. ఎస్సీ, ఎస్టీల హక్కులు గమనంలో పెట్టుకోవాలంటూనే పరిపాలనా సామర్థ్యం తగ్గకుండా అని కలిపింది. అక్కడా ఇక్కడా ఒకే జంట: సామర్థ్యం ఒకపక్క, అందరికీ చోటు ఇంకోపక్క. డబ్బు కొరత వచ్చిన ప్రతిసారీ సామర్థ్యం పేరు బిగ్గరగా పలుకుతారు, చోటు సంగతి మింగేస్తారు. సామర్థ్యమనే ఈ మాటతోనే మన తాతల్ని బడి గుమ్మం బయట నిలబెట్టారు. ఇప్పుడు మనవళ్ళని ఆఫీసు గుమ్మం బయట నిలబెడుతున్నారు.

అయితే గెలవలేమా? గెలిచిన పోరాటాలున్నాయి. విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల రోస్టర్‌ని యూనివర్సిటీ మొత్తానికి కలిపి లెక్కబెట్టేవాళ్ళు. 2017లో అలహాబాదు హైకోర్టు ఒక్కో శాఖని విడిగా లెక్కబెట్టమంది. దీన్నే 13 పాయింట్ల రోస్టర్ అన్నారు. శాఖలో ముగ్గురో నలుగురో వుంటారు. పదమూడు ఖాళీల చక్రంలో ఎస్సీ వంతు ఏడో ఖాళీకి గానీ రాదు, ఎస్టీ వంతు పదమూడు దాటితే గానీ రాదు. ఒక్క పోస్టు తగ్గించకుండా, లెక్కబెట్టే గిరి మార్చి రిజర్వేషన్ని తుడిచేశారు. అప్పుడు అధ్యాపక సంఘాలూ దళిత, ఆదివాసీ, బీసీ సంఘాలూ కలిసి రోస్టర్‌నే మొదటి డిమాండుగా పెట్టాయి. 2019 మార్చి 5న భారత్ బంద్ జరిగింది. రెండు రోజులకి ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత చట్టమయింది. 2024 ఆగస్టు 17న యూపీఎస్సీ 45 పెద్ద పోస్టులకి లేటరల్ ఎంట్రీ ప్రకటన ఇచ్చింది. ఒక్కో పోస్టునీ విడి పోస్టుగా చూసి రిజర్వేషను పెట్టలేదు. గోల లేచింది. మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. రిజర్వేషను మాట ముందు వరుసలో నిలబడ్డ చోట ప్రభుత్వాలు దిగొచ్చాయి.

సంఘాల అన్నలకి, అక్కలకి ఒక మాట. బాబాసాహెబ్ అంబేద్కర్ కార్మిక సంఘాలకి శత్రువు కాదు. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడికి శత్రువులని చెప్పినవాడు ఆయన. కానీ 1928లో బొంబాయి బట్టల మిల్లుల సమ్మె రోజుల్లో ఆయన సంఘాల్ని ఒక ప్రశ్న అడిగాడు. మిల్లులో కూలి ఎక్కువొచ్చే నేత శాఖలోకి అంటరానివాళ్ళని రానివ్వరు. తెగిన దారాన్ని నోటి తడితో అతకాలి గనుక మైల పడుతుందంట. కార్మికులంతా ఒకటే అయితే ఆ శాఖ తలుపు మాకెందుకు మూసివుందని ఆయన నిలదీశాడు. ఆ ప్రశ్న ఇంకా అట్టానే వుంది. బదిలీల్లో పాయింట్లు, పీఆర్సీ, డీఏ బకాయిలు అన్నీ కావాల్సినవే. వాటితోపాటు రద్దయిన పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీ రోస్టర్ పాయింట్లెన్ని పోయాయో మీ డిమాండు కాగితంలో మొదటి పేజీకి రావాలి. అది వస్తే మా వాడలన్నీ మీ ధర్నాకి నడిచొస్తాయి. రాకపోతే "టీచర్ల గొడవ మాకెందుకు" అనే కూలోళ్ళకి మేం ఏం జవాబు చెప్పాలి?

వాడ జనం అనే మాట కూడా దాచకుండా రాస్తాం. "సార్లు మాకోసం కొట్లాడతామంటారు, వాళ్ళ పిల్లల్ని మాత్రం కాన్వెంటుకి పంపిస్తారు. పదింటికొచ్చి మూడింటికి బస్సెక్కుతారు" అంటారు. ఇందులో నిజముంది. కొన్ని బడుల్లో ఇద్దరు టీచర్లున్నా వంతులేసుకోని వచ్చిన రోజులు మనం చూశాం. బడిని నిలబెట్టాలంటే ముందు బడి నడవాలి. మన కులం నుంచి వచ్చిన టీచరయినా సరే, వాడ పిల్లలకి పాఠం ఎగ్గొడితే అతన్ని అడిగే హక్కు తల్లులకుంది. కానీ టీచరు సరిగ్గా రాకపోతే టీచర్ని అడుగుతాం. దానికి శిక్షగా పోస్టునే తీసెయ్యమని అడగం. వైద్యుడు ఆలస్యంగా వచ్చాడని ఆస్పత్రి కూలగొట్టుకుంటామా?

బడి ఒక ఊరికి ఏం చేస్తుందో మన నెల్లూరు జిల్లాకి వేరేగా చెప్పాల్నా? తొంభైల మొదట్లో అక్షరదీపం రాత్రిబడుల్లో కూర్చున్న ఆడోళ్ళు అక్షరాలతోపాటు తమ బతుకుని కూడా చదువుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధమొచ్చింది. దీపం బుడ్డి కింద నడిచిన బడే ప్రభుత్వాన్ని వంచింది. అందుకే వాడలో బడి వుండడం పాలకులకి ఎప్పుడూ ఇబ్బందే. మూసినదాన్ని మళ్ళీ తెరిపించడం ఎంత కష్టమో మూతపడ్డ సహకార చక్కెర ఫ్యాక్టరీని చూసిన కోవూరోళ్ళకి బాగా తెలుసు. అందుకే మూయకముందే మేలుకోవాలి.

మనం అడగాల్సినవి ఇవి:

1. 2022 నుంచి ఇప్పటిదాకా జిల్లాలవారీగా ఎన్ని టీచరు పోస్టులు మార్చారు, ఎన్ని సర్దారు, ఎన్ని రద్దు చేశారు, వాటిలో ఎస్సీ, ఎస్టీ రోస్టర్ పాయింట్లెన్ని అన్నది శ్వేతపత్రంగా బయటపెట్టాలి.

2. పిల్లల సంఖ్య ఎంతయినా దళితవాడ, గిరిజన కాలనీ బడుల్లో విద్యాహక్కు చట్టం ప్రకారం ఇద్దరు టీచర్లకి తగ్గకూడదు.

3. డీఎస్సీ ఏటా జరగాలి. రిటైరయినవాళ్ళ ఖాళీని సర్దుబాటుతో పూడ్చే ముందు రోస్టర్‌లో నమోదు చెయ్యాలి.

4. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కొలువులన్నిటికీ రోస్టర్ వర్తించాలి, ఎన్నేళ్ళుగానో పనిచేస్తున్నవాళ్ళని పర్మినెంటు చెయ్యాలి. పారిశుధ్య కార్మికులు ఇందులో మొదట వుండాలి.

5. సిబ్బంది కుదింపు మీద ఏ చర్చ జరిగినా ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంఘాల్ని కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.

అడగడంతో సరిపోదు. మనం చెయ్యాల్సిన పనులూ వున్నాయి. బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులుండాలని, సగంమంది ఆడవాళ్ళుండాలని చట్టంలో వుంది. ఆ కమిటీలో సంతకానికే పరిమితం కాకుండా మీటింగు పెట్టించండి. బడి తరలింపుకి ఒప్పుకోమని తీర్మానం రాసి, నకలు తీసుకోని దాచుకోండి. గ్రామసభలో అదే తీర్మానం పెట్టండి. రాయడం వచ్చిన ప్రతి పిల్లాడూ పది రూపాయల స్టాంపుతో సమాచార హక్కు దరఖాస్తు వెయ్యాలి: మా బడికి మంజూరైన పోస్టులెన్ని, ఇప్పుడున్నవెన్ని, పోయినవి ఏ జీవో కింద ఎక్కడికి పోయాయి? జవాబు వచ్చాక దాన్ని ఈ పత్రికకి పంపండి, అచ్చేస్తాం. కాన్వెంటుకి అప్పు చేసి పంపుతున్న తల్లిదండ్రులకి మేం నీతులు చెప్పం. బడి నిలబడితే పిల్లల్ని తిరిగి తెచ్చుకునే దారి వుంటుందని మాత్రం చెబుతాం.

1943లో వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడిగా కూర్చున్న బాబాసాహెబ్, కేంద్ర కొలువుల్లో మనవాళ్ళకి నూటికి ఎనిమిదింబావు పైచిలుకు వాటా రాయించాడు. అప్పటికి మన తాతలకి ఆ కొలువులు చదివే అక్షరమే లేదు. రేపటి మనవళ్ళ కోసం ఆయన చోటు పట్టిపెట్టాడు. ఆ చోటులో కూర్చున్న మొదటి తరం మాది. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం. మా తర్వాత కూర్చునేవాళ్ళు లేకుండా కుర్చీనే తీసేస్తామంటే, రిటైరయ్యేదాకా జీతం తీసుకోని ఊరుకునేవాళ్ళం కాదు. ఇంకా ఉద్యోగం రాని బిడ్డ తరఫున కూడా సంతకం పెట్టే సంఘమే మన సంఘం.

బడిని కాపాడుకుందాం. పోస్టుని కాపాడుకుందాం. రోస్టర్‌ని కాపాడుకుందాం.

జై భీమ్.